కింద రెండు లైన్లు

దర్జీ తాత జేబులోంచి కాగితం తీసి కౌంటరు మీద పరిచాడు. నాలుగు మడతలూ విప్పి, కత్తెర పెట్టే ముందు బట్ట సర్దినట్టు అరచేత్తో రెండుసార్లు నిమిరాడు.

"మాత్ర ఆపమని రాశాం కదా తాతా," అంది కౌంటరు అమ్మాయి. "రక్తం పలచన చేసే మాత్ర మూడు రోజుల ముందే ఆపాలి. ఆపకుండా వస్తే డాక్టరుగారు కన్ను ముట్టుకోరు."

"ఎక్కడ రాశారో చూపించు తల్లీ."

ఆ అమ్మాయి కాగితం చూసింది. పై నుంచి కింద దాకా ప్రశ్నార్థకాలు. వరస తప్పకుండా, మధ్యమధ్య ఖాళీలు వదిలి, బుద్ధిగా నిలబడిన ప్రశ్నార్థకాలు. వాటి నడుమ ఒక చోట 14, ఇంకో చోట 9.

"నాకు తెలిసినవి ఈ రెండే," అన్నాడు తాత. "పద్నాలుగో తేదీ, తొమ్మిది గంటలు. వచ్చాను. మిగతావన్నీ హుక్కుల్లా ఉన్నాయి. హుక్కులు కుట్టడం వచ్చు గానీ చదవడం రాదమ్మా నాకు."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. తాత కూడా నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు, సూదిలో దారం ఎక్కించడానికి మూడు నెలలుగా పక్కింటివాళ్ళని పిలుస్తున్నానని, ఇవాళ్టి ఆపరేషను కోసం రెండు బస్సులు మారి వచ్చానని.

"డాక్టరుగారు ఇంకో తేదీ వేస్తారు. ఉత్తరం వస్తుంది."

"మళ్ళీ హుక్కులేనా?"

కౌంటరు అమ్మాయికి చిరాకేసింది. "నన్నడిగితే నేనేం చెప్పను? టైపు చేసేది ఆవిడ," అని వెనక్కి చూపించింది.

గాజు తలుపు వెనక టైపమ్మ వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఈ కంటి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళ కిందట టైపు మిషను మీద చేరినప్పుడు పడ్డ పేరు అది. మిషను పోయి కంప్యూటరు వచ్చింది, పేరు మారలేదు. తాత కళ్ళు చికిలించి గాజులోంచి ఆమెని వెతికాడు. సరిగ్గా కనపడిందో లేదో గానీ రెండు చేతులూ జోడించాడు. తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకి.

లేచి వెళ్ళి ఆ కాగితం తను ఉంచుకోవచ్చా అని అడిగింది. తాత ఇచ్చాడు. కింద మూడు వేళ్ళ వెడల్పున చింపేసి ఉంది.

"ఆ ముక్క మీద ఎవరిదో కొలత రాసింది మా కోడలు," అన్నాడు. "పనికొచ్చిన భాగం అదొక్కటే."

నెలరోజులుగా ఇదే గొడవ. ఉత్తరాలు మెయిల్లో రోగుల ఊళ్ళోని కొట్టుకి వెళ్తాయి, కొట్టువాడు అచ్చు తీసి ఇస్తాడు. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఉత్తరం వచ్చింది గానీ అందులో ఏమీ లేదంటారు కొందరు. మా ఊరి కొట్టువాడి మిషను పాడైందేమో అంటారు ఇంకొందరు. కౌంటరు అమ్మాయి పేర్లు రాసుకుని సాయంత్రానికి ఆ చీటీ టైపమ్మ బల్ల మీద పెట్టి వెళ్తుంది. టైపమ్మ ప్రతి ఉత్తరాన్నీ మళ్ళీ తెరిచి చూస్తుంది. తన తెర మీద అక్షరాలన్నీ ఉన్నాయి. తలకట్టు దగ్గర్నుంచి ఒత్తుదాకా ఏదీ చెక్కు చెదరలేదు.

పన్నెండు గంటలకి ఏఓ గారు పిలిచారు. ఆసుపత్రిలో డాక్టర్లు కాని వాళ్ళందరికీ ఆయనే పెద్ద. గొంతు పెంచరు. ఎవరినైనా మందలించేటప్పుడు కళ్ళజోడు తీసి తుడుస్తూ మాట్లాడతారు.

"కూర్చోండమ్మా. ఒక మెమో రాసుకోండి."

ఆమె నోటుపుస్తకం తెరిచింది. ఆఫీసులో మెమోలన్నీ ఆమే రాసుకుంటుంది, ఆమే టైపు చేస్తుంది.

"టైపిస్టుగా పనిచేస్తున్న మీరు, గత నెలరోజులుగా రోగులకు పంపే ఉత్తరాలను నిర్లక్ష్యంగా తయారుచేస్తున్నందున..." ఆయన ఆగారు. "రాస్తున్నారా?"

"రాస్తున్నాను సార్."

"మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. లేనిపక్షంలో సోమవారం నుంచి మిమ్మల్ని కింది అంతస్తు పాత రికార్డుల గదికి మార్చి, ఉత్తరాల పని బయటి ఏజెన్సీకి అప్పగించడమవుతుంది. అంతే. నాకేం సంతోషం కాదమ్మా ఇది. పాత మిషను మీద నేర్చుకున్న చెయ్యి కదా, ఏదో ఒకటి నొక్కేస్తూ ఉంటారు."

ఆమె తన సీటుకి వచ్చి తన మెమో తానే టైపు చేసింది. 'నిర్లక్ష్యంగా' అన్న మాట దగ్గర ఒకసారి ఆగి, మళ్ళీ చదివి, తప్పు లేదని చూసుకుంది. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద ఆయన సంతకం పెట్టించి తెచ్చి, తనే అందుకున్నట్టు రెండోదాని మీద సంతకం చేసింది.

*

బుధవారం వైరు తమ్ముడు వచ్చాడు. ఎప్పుడూ భుజం మీద వైరు చుట్ట ఉంటుంది కాబట్టి ఆ పేరు. మూడు ఆసుపత్రుల కంప్యూటర్లు చూస్తాడు, ఇక్కడ కాంట్రాక్టు మీద. ఏడాదికోసారి ఏఓ గారు సంతకం పెడితేనే ఆ కాంట్రాక్టు.

"ఏదక్కా, ఒక ఉత్తరం నాకు పంపు," అని పక్క గది కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

పంపింది. "వచ్చింది. ముత్యాల్లా ఉన్నాయి," అని అక్కణ్ణుంచి చెప్పాడు. కౌంటరుకి పంపించాడు, బాగానే వచ్చింది. డాక్టరుగారి గదికి పంపించాడు, బాగానే వచ్చింది. మధ్యాహ్నం దాకా ఆసుపత్రిలో ఉన్న పదకొండు కంప్యూటర్లకీ ఆ ఉత్తరం వెళ్ళింది. పదకొండింటిలోనూ తాతకి తేదీ ఇచ్చిన ఆ నాలుగు వాక్యాలు చక్కగా కనిపించాయి.

"మనవైపు తప్పు లేదక్కా. వాళ్ళ ఊళ్ళలో పాత మిషన్లు. అక్షరాలు లేవు వాటిల్లో."

"నెల కిందటి దాకా ఆ మిషన్లలోనే చదువుకున్నారుగా తమ్ముడూ?"

అతను గడ్డం గోక్కున్నాడు.

"బయటికి ఒకటి పంపి చూద్దామా?"

"బయటికా? నంబరు కావాలి కదక్కా. టెస్టు చెయ్యడానికి నంబరెవరిస్తారు?"

అది నిజమే. ఆసుపత్రి నుంచి బయటికి మెయిలు వెళ్ళేది ఒక్క టైపమ్మ కంప్యూటరు నుంచే. వెళ్ళే ప్రతిదానికీ పెద్ద రిజిస్టరులో వరస నంబరు, తేదీ, ఎవరికి, దేనికి అని చేత్తో రాయాలి. నంబరు రోగులకీ ఆఫీసులకీ తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు. సొంత మెయిళ్ళు ఎవరూ తెరవకూడదు. ఏఓ గారు వచ్చిన మొదటి వారం పెట్టిన కట్టడి. అందుకే నెలరోజులుగా ఎంత వెతికినా, ఎవరూ గడప దాటి చూడలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోడలు చెప్పులు విడిచిన తీరు చూసి, "ఏం, ఇవాళ కూడా తిట్టాడా మీ కళ్ళజోడాయన?" అంది.

టైపమ్మ పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకుంది. మెమో సంగతి చెప్పింది. పదకొండు కంప్యూటర్ల సంగతీ చెప్పింది.

"పదకొండూ మీ ఇంట్లోవేగా?"

"అవునత్తయ్యా."

"మీ ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరం బయట నిలబడి ఎప్పుడైనా చూశావా నువ్వు?"

టైపమ్మ ఆలోచించింది. ఇరవై రెండేళ్ళలో కొన్ని వేల ఉత్తరాలు. ఒక్కటి కూడా అందుకున్న మనిషిలా చూడలేదు. "లేదత్తయ్యా."

"ఉప్పు చూడకుండా వడ్డించడం నీకు మొదట్నించీ అలవాటేగా," అంది అత్తగారు. "ఆ పుచ్చిన కాయ ఇటు పడెయ్, కళ్ళు మూసుకుని ఒలుస్తున్నావు."

*

గురువారం పొద్దున్నే డాక్టరుగారి జాబితా వచ్చింది. పంతొమ్మిది పేర్లు. ఏడో పేరు దర్జీ తాతది, సోమవారం తొమ్మిది గంటలకి. అంటే రేపటి నుంచే మాత్ర ఆపాలి. అంటే ఉత్తరం ఇవాళ చేరాలి, చేరి చదవడానికి వీలుగా ఉండాలి. ఫోను నంబరు రాయాల్సిన గడిలో తాత పేరు ఎదురుగా చిన్న గీత ఉంది. వాళ్ళ ఊళ్ళో ఫోటోల కొట్టు మెయిలు ఒక్కటే చిరునామా.

టైపమ్మ జాబితా పక్కన పెట్టింది. తరవాత రిజిస్టరు తెరిచి 1604 అని రాసింది. 'ఎవరికి' అన్న గడిలో, ఎదురు వీధి జిరాక్సు దుకాణం. 'దేనికి' అన్న గడిలో, పరీక్ష. రాత మాత్రం ఎప్పటి రాతే. తాతకి పంపిన పాత ఉత్తరాన్నే ఆ దుకాణానికి పంపింది.

భోజనం వేళ డబ్బా తెరవకుండానే వీధి దాటింది. దుకాణమాయన్ని అందరూ జిరాక్సు బాబాయి అంటారు. మిషను వేడిగా ఉందని ముందు రోడ్డు మీద నీళ్ళు చల్లుకునే మనిషి.

"ఏమ్మా టైపమ్మా, మీ ఆసుపత్రి నుంచి నాకు ఉత్తరం వచ్చింది. నా కళ్ళు బాగానే ఉన్నాయే."

"అచ్చు తీసి ఇవ్వు బాబాయ్."

కాగితం వెచ్చగా బయటికొచ్చింది. ప్రశ్నార్థకాలు, 14, ప్రశ్నార్థకాలు, 9. తప్పు వాళ్ళ ఊళ్ళ మిషన్లది కాదు. ఇక్కణ్ణుంచి ఇరవై అడుగుల దూరానికి కూడా ఉత్తరం బతికి రాలేదు.

బాబాయి కాగితం అడుగు భాగం వేలితో కొట్టాడు. "ఈయనొక్కడు మాత్రం సుఖంగా చేరాడమ్మా."

కింద, ఖాళీ తరవాత, ఇంగ్లీషులో రెండు లైన్లు. మొదటి లైనులో ఏఓ గారి పూర్తి పేరు, ఆయన చదువులు నాలుగు. రెండో లైనులో హోదా, ఆసుపత్రి పేరు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

టైపమ్మ ఆ రెండు లైన్లూ మళ్ళీ చదివింది. అవి తను టైపు చెయ్యలేదు. తన తెర మీద ఎప్పుడూ లేవు. పదకొండు కంప్యూటర్లలో ఒక్కదాని మీదా లేవు. తాత కాగితంలో అవి ఉండాల్సిన చోటే ఎవరిదో కొలత కోసం చిరిగిపోయింది.

ఆసుపత్రికి తిరిగొచ్చి కౌంటరు అమ్మాయి చీటీలన్నీ ముందేసుకుంది. ఫోను చేసిన ఒక్కొక్కరి పేరు రిజిస్టరులో వెతికి, నంబరు పక్కన పెన్సిలుతో చుక్క పెట్టింది. చుక్కలు వెనక్కి వెనక్కి వెళ్ళి 1388 దగ్గర ఆగాయి. అంతకుముందు ఒక్కటీ లేదు. అదే తేదీకి వచ్చిన కాగితాల రిజిస్టరు తీసింది. ఆ రోజు వచ్చినవి మూడే. అందులో ఒకటి ఏఓ గారి గది నుంచి వచ్చిన సర్క్యులరు 27. బయటికి వెళ్ళే ప్రతి మెయిలు కిందా అధికారి పేరు, చదువులు, హోదా దానంతటదే చేరే ఏర్పాటు చేయవలెను. ఆ వరస రాసింది తన చెయ్యే. రాసి, అది కంప్యూటర్లవాళ్ళ పని కదా అని ఫైలులో పెట్టేసింది.

వైరు తమ్ముడు మెట్ల కింద, కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె ముందు చతికిలబడి ఉన్నాడు. ఆమె కాగితం చూపించగానే అతని మొహం మారింది. భుజం మీది వైరు చుట్ట తీసి కింద పెట్టాడు.

"నేనే పెట్టానక్కా ఇది," అన్నాడు మెల్లగా. "మన ఉత్తరాలన్నీ బయటికి పోయే ముందు ఒక గడప దాటుతాయి. ఆ గడప దగ్గర ఈ రెండు లైన్లు అతికించమని పెట్టాను. లోపల్లోపల తిరిగేవి ఆ గడప దాకా రావు, అందుకే మనకి బాగున్నాయి. నేను వాడింది పాత సరుకు. దానికి ఇంగ్లీషు తప్ప రాదు. అతికించడానికి ఉత్తరం మొత్తం విప్పి మళ్ళీ తన పద్ధతిలో రాస్తుంది. తనకి రాని అక్షరం కనపడితే ప్రశ్నార్థకం పెట్టేస్తుంది."

"తెలియనప్పుడు తెలియదని ఒప్పుకునేది అదొక్కటే అన్నమాట ఈ ఆఫీసులో," అంది టైపమ్మ.

అతను నవ్వబోయి ఆగాడు. "తీసెయ్యడం రెండు నిమిషాల పని. కానీ ఆయన ఆర్డరు లేకుండా తీస్తే నా కాంట్రాక్టు పోతుంది. నేను పెట్టానని తెలిసినా పోతుంది. ఇంట్లో చంటిపిల్లాడున్నాడక్కా."

ఆమె ఏదో అనబోతుండగానే ఏఓ గారి గది నుంచి గంట మోగింది.

ఆయన బల్ల మీద పెద్ద రిజిస్టరు తెరిచి ఉంది. కళ్ళజోడు చేతిలో ఉంది.

"1604. జిరాక్సు దుకాణం. ఏమిటమ్మా ఇది?"

"కారణం దొరికింది సార్. ఉత్తరాల కింద..."

"కారణాలు సంజాయిషీలో రాయండి. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషి ఆసుపత్రి నంబరు వీధి కొట్టుకి ఇచ్చారు. కేంద్ర కార్యాలయానికి ఉత్తరం రాసుకోండి."

ఆమె రాసుకుంది. ఈ టైపిస్టు మెమో అందుకున్న తరవాత కూడా నిబంధనలు ఉల్లంఘించి, ఆసుపత్రి నంబరును దుర్వినియోగం చేసినందున, తగు చర్యకు సిఫారసు చేస్తున్నాను. ఆయన గడియారం చూసుకున్నారు. "నేను మీటింగుకి వెళ్తున్నాను. ఇవాళే వెళ్ళిపోవాలి ఇది."

తన సీటుకి వచ్చి ఆ ఉత్తరం టైపు చేసి, 1605 వేసింది. తరవాత తన సంజాయిషీ టైపు చేసింది. అందులో తిట్లు లేవు, దండాలు లేవు. 1388 నుంచి 1604 వరకు నంబర్లు, ఫోన్లు వచ్చిన తేదీలు, సర్క్యులరు 27, జిరాక్సు దుకాణంలో తీసిన అచ్చు. ఆ రెండు లైన్లు ఎవరు అతికించారో రాయలేదు. చివర ఇంకో వాక్యం చేర్చింది. 'పంతొమ్మిది మంది రోగుల ఉత్తరాలు ఇవాళే చేరవలసి ఉన్నందున, తదుపరి ఆర్డరు వచ్చేవరకు ఈ రెండు లైన్లను నా బాధ్యత మీద ఆపించాను.'

ఒక ప్రతి తీసుకుని వెళ్ళేసరికి ఏఓ గారు సంచీ సర్దుకుంటున్నారు.

"సంజాయిషీ సార్. చివరి వాక్యం ఒక్కటి ఇప్పుడే చూస్తే..."

"అక్కడ పెట్టండి," అన్నారు ఆయన. కాగితం తీసి గాజు బరువు కింద పెట్టి, 1605 మీద సంతకం చేసి, దీపం ఆర్పి వెళ్ళిపోయారు.

ఆమె మెట్ల కిందికి వచ్చి, 1605లో తన మీద ఏం రాయించారో చెప్పి, తన సంతకం ఉన్న సంజాయిషీ ఇంకో ప్రతి వైరు తమ్ముడికి ఇచ్చింది. అతను రెండుసార్లు చదివాడు.

"నీ మీద వేసుకున్నావేంటక్కా?"

"తీయించేది నేనేగా. తియ్యి."

అతను పెట్టె వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగాడు. మొహంలో ఒక అల్లరి మెరిసింది. "ఉండక్కా. ముందు ఆ 1605 పంపెయ్. ఇప్పుడు పంపితే అదీ హుక్కులైపోతుంది. నీ మీద రాసిందంతా ప్రశ్నార్థకాలు, కింద ఆయన పేరు. నువ్వేం తప్పు చెయ్యలేదు, ఆయన చెప్పినట్టే పంపావు. ఆ తరవాత తీసేస్తాను."

టైపమ్మ మెట్టు మీద కూర్చుంది. ఆ మాట ఎంత సుఖంగా ఉందో ఆమెకే తెలుసు. ఒక్క బటను. ఎవరూ అడగరు. కేంద్ర కార్యాలయంలో ఎవరో ఆ కాగితం తిప్పితిప్పి చూసి పక్కన పడేస్తారు.

కౌంటరు మీద కాగితం నిమిరిన చెయ్యి గుర్తొచ్చింది.

"వద్దు తమ్ముడూ. చేరదని తెలిసి ఉత్తరం ఎలా పంపను? ఇన్నాళ్ళూ తెలియక పంపాను. ముందు తియ్యి."

అతను తీశాడు. నిజంగానే రెండు నిమిషాలు పట్టింది. ఆమె 1604ని ఎదురు దుకాణానికి మళ్ళీ పంపి, రిజిస్టరులో పక్కన 'రెండోసారి' అని రాసి, ఫోను చేసింది.

"వచ్చిందమ్మా," అన్నాడు బాబాయి. "ఆయన లేడు, మిగతా అందరూ వచ్చారు. చదవనా? రక్తం పలచన చేసే మాత్రను ఆపరేషనుకు మూడు రోజుల ముందు నుంచి..."

ఫోను చెవికి ఆనించుకుని ఆమె నాలుగు వాక్యాలూ చివరిదాకా విన్నది. తను రాసింది ఇంకో మనిషి నోట వినడం అదే మొదటిసారి.

తరవాత వరసలోనే పంపింది. ముందు 1605. దాని వెనక 1606, తన సంజాయిషీ, దుకాణంలో తీసిన అచ్చుతో సహా. 1607 నుంచి పంతొమ్మిది ఉత్తరాలు. ఏడోది పంపాక తాత ఊరి కొట్టుకి వెళ్ళిందో లేదోనని తెర వంక కాసేపు చూసింది. నెల రోజుల తరవాత శుభ్రంగా గడప దాటిన మొదటి ఆఫీసు ఉత్తరం, ఆమె మీద ఫిర్యాదే.

*

శుక్రవారం ఏఓ గారు రాగానే గాజు బరువు కింది కాగితం తీసినట్టున్నారు. అరగంట గంట మోగలేదు. తరవాత ఫోను మోగింది. మధ్య గోడ చెక్కది. మాటలు వినపడవు గానీ గొంతులు వినపడతాయి. చాలాసేపు ఆయన గొంతు వినపడలేదు. తరవాత 'అవునండి' అన్నారు. ఇంకాసేపటికి, 'నేను చూసుకోలేదండి' అన్నారు.

కౌంటరు అమ్మాయి కుర్చీ వెనక్కి వాల్చి గుసగుసగా, "అవతల ఎవరో కళ్ళజోడు తుడుస్తున్నారక్కా," అంది. ఆ సాయంత్రం ఆమె చీటీ పెట్టలేదు. రాయడానికి ఫోన్లేవీ రాలేదు.

టైపమ్మ మాత్రం సొరుగు ఖాళీ చేసి పెట్టుకుంది. నోటుపుస్తకాలు, పాత టైపు మిషను బ్రష్షు, అత్తగారిచ్చిన చిన్న దువ్వెన. రికార్డుల గదిలో కిటికీ ఉందో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

సోమవారం ఎనిమిదిన్నరకే బెంచీ మీద దర్జీ తాత ఉన్నాడు. పక్కన కోడలు. ఆమె చేతిలో నాలుగు మడతల కాగితం.

"శుక్రవారం నుంచి మాత్ర ముట్టలేదు," అని కౌంటరు అమ్మాయి అడగకముందే చెప్పాడు. "ఇదుగో, తోడు కూడా తెచ్చుకున్నాను. ఈసారి కాగితం చింపనివ్వలేదు." కళ్ళు చికిలించి గాజు వైపు చూశాడు. "ఆ తల్లి ఉందా ఇవాళ?"

"ఉన్నారు," అంది కౌంటరు అమ్మాయి.

నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేటప్పుడు తాత వేళ్ళు గాల్లో ఒకసారి కదిలాయి, సూది పట్టుకున్నట్టు.

గంట మోగింది. టైపమ్మ నోటుపుస్తకం తీసుకుని లేచింది. రికార్డుల గది తాళంచెవి ఇస్తారేమో అనుకుంది. ఏఓ గారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆమెని కూర్చోమన్నారు గానీ ఆయన కూర్చోలేదు.

"కేంద్ర కార్యాలయానికి ఒక ఉత్తరం."

"చెప్పండి సార్."

"పదహారో తేదీ నాటి మా 1605 నంబరు ఉత్తరంలో..." ఆయన ఆగారు. ఆమె పెన్సిలు కాగితం మీద ఆగి ఎదురుచూసింది. "టైపిస్టు మీద చేసిన సిఫారసును ఉపసంహరించుకుంటున్నాను. పన్నెండో... కాదు, పద్నాలుగో తేదీ మెమో కూడా. లోపం మా సర్క్యులరు 27 వల్ల ఏర్పడినదని తెలియజేస్తున్నాను. ఆ సర్క్యులరును రద్దు చేస్తున్నాను."

"అయిపోయిందా సార్?"

"అంతే."

ఆమె లేచి తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఇప్పుడు ఆ రెండు లైన్లు వాటంతటవి చేరవు.

"కింద మీ పేరు వెయ్యనా సార్?"

ఆయన కళ్ళజోడు తీయబోయి, తీయలేదు.

"వెయ్యండమ్మా. చదువులు అక్కర్లేదు."

ఆమె సీటుకి వచ్చి ఉత్తరం టైపు చేసింది. కింద ఆయన పేరు తెలుగులో, తాతకి రాసిన అక్షరాల్లోనే వేసింది. సొరుగు తెరిచి బ్రష్షూ దువ్వెనా మళ్ళీ లోపల పెట్టింది. తరవాత పెద్ద రిజిస్టరు ముందుకి లాక్కుని, కొత్త వరసలో 1641 అని రాసింది.